గోడ అవతల చలి

డిసెంబర్ 29, ఆదివారం

వారం నుంచి వాన ఆగడం లేదు. సింగపూర్‌కి వింటర్ వచ్చేసిందని లిఫ్ట్‌లో పక్కింటావిడ నవ్వింది. ఇరవై మూడు డిగ్రీలకే స్వెటర్ తొడుక్కుంది. నంద్యాల ఎండల్లో పెరిగినదాన్ని, నాకు మాత్రం హాయిగా ఉంది.

గోడ ఒక్కటే బాగాలేదు. నా మంచం పక్క గోడ చెమట పట్టినట్టు తడిసింది. పైన, సీలింగ్‌కి ఆనుకుని, ఏసీ పైపుల్ని కప్పుతూ పొడుగాటి తెల్ల ప్లాస్టిక్ డబ్బా ఉంది. అది మాస్టర్ బెడ్‌రూమ్‌లో మొదలై నా గది గోడ మీదుగా కిటికీ బయట ఉన్న కంప్రెసర్ దాకా పోతుంది. దాని మూల నుంచి చుక్కలు పడుతున్నాయి. కింద ఖాళీ మైలో డబ్బా పెట్టాను.

నా గదిలో ఏసీ నేను వేయలేదు. ఈ వానలో ఎవరు వేస్తారు?

డిసెంబర్ 31, మంగళవారం

స్టూలెక్కి ఆ ప్లాస్టిక్ మూత ఊడదీశాను. లోపల పైపు తెల్లగా ఉంది. బూజనుకుని వేలు పెట్టాను. వేలు అంటుకుపోయింది. లాగితే చర్మం చురుక్కుమంది.

ఐస్. పాత ఫ్రిజ్‌లో పేరుకుపోయినట్టు గడ్డ కట్టింది. పైపు చుట్టూ ఉన్న నల్ల స్పాంజి పగిలి, ఆ పగుళ్లలోంచి మంచు బయటికి ఉబ్బింది. చెవి దగ్గర పెడితే లోపల సన్నగా ఏదో పారుతున్న చప్పుడు.

అంటే ఏసీ నడుస్తోంది. నాది కాదు. ఇంటి ఓనర్ ఆంటీది కాదు, ఏసీ గాలికి మోకాళ్లు పట్టేస్తాయని ఆవిడ ఫ్యాన్ కిందే పడుకుంటుంది. మిగిలింది మాస్టర్ బెడ్‌రూమ్. ఎప్పుడూ మూసి ఉండే గది. నేను అద్దెకు చేరిన రోజున అది స్టోర్ రూమ్ అని చెప్పింది.

సామాన్లకి ఏసీ ఎందుకు?

జనవరి 1, బుధవారం

హ్యాపీ న్యూ ఇయర్. డబ్బా నిండి పొర్లింది. చాప తడిసింది.

జనవరి 3, శుక్రవారం

కుమారమ్మ ఆంటీని అడిగేశాను.

సిమేయ్‌లో ఉన్న ఈ ఫ్లాట్‌కి ఆంటీ ఓనర్. ముత్తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చిన కుటుంబం. ఇండియా ఒక్కసారే చూసిందట. ఆవిడ తెలుగులో అరవం, మలయ్ ముక్కలు కలిసిపోయి ఉంటాయి. అయినా ‘ఏటమ్మా’ అని పిలిచినప్పుడు మా ఇంట్లో ఎవరో పిలిచినట్టే ఉంటుంది. ఆఫీసు నుంచి చాంగీ బిజినెస్ పార్క్ బస్సు దిగి వచ్చేసరికి రసం వేడిగా ఉంటుంది. ఈ ఊళ్లో నేను భయపడకుండా నిద్రపోయింది ఈ ఇంట్లోనే. మొన్నటిదాకా.

పైపు గడ్డ కట్టిందని చెప్పగానే ఆవిడ చేతిలో గరిట ఆగిపోయింది. పాత ఏసీ, అలాగే ఉంటుంది అంది. మరి స్టోర్ రూమ్‌లో ఎవరు వేశారంటే సామాను పాడవుతుందని అంది. ఒక్కసారి ఆఫ్ చేద్దామన్నాను.

జంగన్, జంగన్ అంది. మలయ్‌లో వద్దు అని. అంత గట్టిగా మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు. తర్వాత తనే నా భుజం మీద చెయ్యి వేసి, బకెట్ ఇస్తాను, మకాన్, అంటే అన్నం, చల్లారిపోతోంది తినమంది.



జనవరి 5, ఆదివారం

కీర్తికతో చెప్పకుండా ఉండాల్సింది. నా టీమ్‌లో ఉంటుంది, ఇక్కడే పుట్టి పెరిగింది. ఎక్స్‌పో దగ్గర హాకర్ సెంటర్‌లో లంచ్ తింటూ మాటల్లో చెప్పేశాను. ఆ ఇంట్లో ఇంకెవరెవరు ఉండాలని అడిగింది. చెప్పాను. కొడుకు వివేక్, ఓడ మీద ఉద్యోగం, ఏడాదికోసారి వస్తాడట. భర్త రామదాసు అంకుల్. హాల్లో ఫోటో ఉంది, దండ లేదు. అంకుల్ ఎక్కడని అడిగితే ఆంటీ ‘ఉన్నాడు’ అంటుంది. ఎక్కడున్నాడో చెప్పదు.

కీర్తిక స్పూన్ కింద పెట్టింది. మూసిన గది, రాత్రింబవళ్లు ఏసీ, కనిపించని మొగుడు. పోలీసులకి ఫోన్ చెయ్యి లా, అంది ఇక్కడి యాసలో. మొగుడు పోయాక శరీరాన్ని వదల్లేక ఇంట్లోనే పెట్టుకునేవాళ్లు ఉంటారట. ఎక్కడో చదివిందట.

నవ్వాను. కానీ నూడుల్స్ దిగలేదు.

ఇంటికొచ్చాక ఆ తలుపు ముందు నిలబడి వాసన చూశాను. ఏమీ లేదు. కింద సందులోంచి చల్లటి గాలి పాదాల మీదికి వచ్చింది. నాకు ఇంతవరకు తెలియని భయం అది. కడుపులో కాదు, మడమల్లో మొదలైంది.

పోలీసులకి ఏమని చెప్పను? నేను వర్క్ పాస్ మీద వచ్చినదాన్ని. తప్పయితే? తప్పు కాకపోతే?

జనవరి 7, మంగళవారం

నేనే ఏసీ మెకానిక్‌ని పిలిచాను. ఆంటీకి చెప్పకుండా. లీవ్ పెట్టి ఇంట్లో కూర్చున్నాను.

చైనీస్ అంకుల్. పైపు చూసి, గ్యాస్ తగ్గింది, లోపలి మెషీన్ ఇప్పటికే మొత్తం ఐస్ అయిపోయి ఉంటుంది అన్నాడు. ఆఫ్ చేసి కరగనివ్వాలి, గది తియ్యాలి, లేకపోతే ఫ్యాన్ ఆగిపోతుంది, తర్వాత అంతా నీళ్లే అన్నాడు.

ఆంటీ తలుపుకి వీపు ఆనించి నిలబడింది. చిన్న మనిషి. రెండు చేతులూ చాపి తలుపంతా తనే అయినట్టు నిలబడింది. రేపు, రేపు అంటోంది. మెకానిక్ నా వంక చూసి భుజాలెగరేసి, టూల్ బాక్స్ సర్దుకుని వెళ్లిపోయాడు.

నన్ను తిట్టలేదు. అదే నయంగా ఉండేది. వంటింట్లోకి వెళ్లి కొళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది. నేను వినలేదనుకుంది.

జనవరి 8, బుధవారం

పొద్దున పొరపాటున కుక్కర్ మూత తీశాను. మేమిద్దరం తినేంత అన్నం కాదు అది, ముగ్గురికి సరిపడా ఉంది.

చచ్చినవాళ్లు అన్నం తినరు.

తేలికపడాలి కదా. ఇంకా ఎక్కువ భయం వేస్తోంది. ఎవరో బతికున్న మనిషి ఆ చలిలో ఉన్నారు, ఇన్నాళ్లూ ఒక్క చప్పుడు కూడా చెయ్యకుండా.

జనవరి 10, శుక్రవారం, మధ్యాహ్నం

వర్క్ ఫ్రమ్ హోమ్. బయట వాన గోడలా పడుతోంది. ఆంటీ మోకాళ్ల మందులకి పాలీక్లినిక్‌కి వెళ్లింది.

లంచ్ తర్వాత కాల్‌లో ఉండగా గోడ అవతల చప్పుడు. పెద్ద పింగాణీ పళ్లెం నిలువునా చీలినట్టు. మళ్లీ ఇంకోటి. ఆ వెంటనే, నేను ఈ ఇంట్లో అడుగుపెట్టినప్పటి నుంచి ఆగని, ఏ పక్క ఫ్లాట్‌దో అనుకున్న గుర్రుమనే శబ్దం ఆగిపోయింది. టప్‌మని ఇంట్లో కరెంటంతా పోయింది. వైఫై పోయింది.

హాల్లోకి వచ్చాను. మాస్టర్ బెడ్‌రూమ్ తలుపు కింద నుంచి నీళ్లు వస్తున్నాయి. మధ్యలో చిన్న చిన్న ఐస్ ముక్కలు. పాదానికి తగిలితే ఒక్కసారిగా ఒళ్లు జలదరించింది.

మెయిన్ స్విచ్ పడిపోయిందని అర్థమైంది. ముందు గది దగ్గర బాక్స్ తెరిచి స్విచ్ మీద చెయ్యి వేశాను.

లోపల ఎవరో దగ్గారు.

తర్వాత గొంతు. మగ గొంతు. చాలా రోజులుగా వాడనట్టు, ప్రతి మాటా గీసుకుంటూ వచ్చింది.

‘‘డోంట్ ఆన్ ద స్విచ్. వాటర్ ఇన్‌సైడ్ ద సాకెట్.’’

చెయ్యి తీసేశాను. నీళ్లలోనే కూర్చుండిపోయాను. ఎవరు మీరని అడిగాను.  తలుపు తియ్యమన్నాను. బాగున్నారా అన్నాను. తెలుగులో, ఇంగ్లీష్‌లో. తలుపు లోపలి నుంచి గడియ పెట్టి ఉంది. బయట తాళం లేదు. ఇన్నాళ్లూ నేను సరిగా చూడనేలేదు.

ఊపిరి వినిపిస్తోంది. చిన్న చిన్నగా, తొందర తొందరగా. నేను ఇక్కడే ఉన్నానని చెప్పాను.  ఏదో ఒకటి రాయకపోతే అరిచేస్తానేమోనని తలుపు ముందే కూర్చుని రాస్తున్నాను.

జనవరి 10, సాయంత్రం

ఆంటీ గొడుగు కూడా మూయకుండా లోపలికి వచ్చింది. ఫ్యాన్లు ఆగిపోయి ఉండడం, నేల మీద నీళ్లు చూసింది. ఆ శబ్దం లేకపోవడం విన్నది. నేరుగా మెయిన్ స్విచ్ దగ్గరికి పరిగెత్తింది. ఆ మోకాళ్లతో.

వెనక నుంచి చెయ్యి పట్టుకున్నాను. అంత బలం ఎక్కడినుంచి వచ్చిందో, నన్ను గోడకి తోసింది. ఏసీ ఆగితే నా కొడుకు ఉండలేడు, ఒగ్గీ, ఒగ్గీ అంటోంది. ఆవిడ రెండు మణికట్లూ పట్టుకున్నాను. గాజులు గుచ్చుకున్నాయి. అరవై ఎనిమిదేళ్ల మనిషితో కుస్తీ పట్టాను నేను.

‘‘సాకెట్లో నీళ్లున్నాయి ఆంటీ. ఆన్ చేస్తే లోపలున్న మనిషికి షాక్ కొడుతుంది.’’

‘‘నీకెవులు సెప్పినారు?’’

‘‘ఆయనే చెప్పారు.’’

ఆవిడ చేతుల్లో బలం పోయింది. అలాగే కిందికి జారి నా పక్కన కూర్చుంది. ఏమన్నాడని అడిగింది. చెప్పాను. మళ్లీ అడిగింది. ఏ భాషలో అన్నాడు, గొంతు బొంగురుగా ఉందా, కోపంగా అన్నాడా, మామూలుగానా. ఎన్నిసార్లు చెప్పించుకుందో. వివేక్ ఆవిడతో మాట్లాడి రెండు దీపావళులు వెళ్లిపోయాయట.

అప్పుడు చెప్పింది. ఓడ లేదు, ఏమీ లేదు. ఎయిర్‌పోర్ట్ కార్గోలో మంచి ఉద్యోగమే. ఒక సోమవారం వెళ్లలేదు. లీవేమో అనుకుంది. మంగళవారం కూడా వెళ్లలేదు. కారిడార్‌లో అడుగుల చప్పుడు, పిల్లల కేకలు, లిఫ్ట్ గంట, ఏదీ భరించలేకపోయాడు. ఏసీ హోరులో అవి వినపడవని పగలూ రాత్రీ వేసుకుని తలుపు మూసుకున్నాడు. ఇంట్లో ఎవరూ లేని వేళ చూసి ఆంటీ తలుపు బయట కంచం పెడుతుంది. లోపలే బాత్రూమ్ ఉంది. రామదాసు అంకుల్ ఒక ఏడాది ఆ తలుపు కొట్టీ కొట్టీ, చివరికి మలేషియాలో, జొహోర్‌లో ఉన్న తమ్ముడి ఇంటికి వెళ్లిపోయాడు. అద్దెకి మనిషిని పెట్టుకున్నది కూడా డబ్బు కోసం కాదట. ఇంట్లో ఇంకో గొంతు వినిపించాలని.

ఏం జరిగింది ఆంటీ, ఎందుకిలా అని అడిగాను.

‘‘ఏటీ జరగలేదమ్మా. ఏదైనా జరిగుంటే బాగుండును.’’

కొవ్వొత్తి వెలిగించి ఇద్దరం ఆ తలుపు ముందే బ్రెడ్ తిన్నాం. లోపల దగ్గు. ఆంటీ ప్రతిసారీ తలెత్తి చూస్తోంది. డాక్టర్‌ని పిలుద్దామన్నాను. పొద్దున చూద్దామంది. నేను ఒప్పుకున్నాను.

జనవరి 11, శనివారం, పొద్దున

దగ్గు లేదు.

జనవరి 11, శనివారం, సాయంత్రం

వరుసగా రాస్తాను. లేకపోతే కలిసిపోతాయి.

తలుపు బయట పెట్టిన కంచం అలాగే ఉంది. ఆంటీ అరచేత్తో తలుపు తట్టింది, మెత్తగా, చిన్నపిల్లాడి వీపు తట్టినట్టు. వివేక్, అయ్యా, వివేక్. ఏమీ లేదు. నేను చెవి ఆనించాను. నిన్నటి ఊపిరి కోసం వెతికాను. నా గుండె చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించలేదు.

అంబులెన్స్‌కి ఫోన్ చేద్దామన్నాను. వద్దంది. తలుపు విరగ్గొడితే భయపడి ఏదైనా చేసుకుంటాడు, మెంటల్ హాస్పిటల్‌కి తీసుకెళ్లిపోతారు, బ్లాక్ అంతా చూస్తుంది, ఇన్నేళ్లు కాపాడుకున్నాను అంది. ఇంకో గంట చూద్దాం. ఒక గంట చూశాం. ఇంకో గంట అంది.

నా గదిలోకి వెళ్లి తలుపేసుకుని 995 కి ఫోన్ చేశాను. అడ్రస్ రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. బయటికి వచ్చి ఆంటీకి చెప్పాను. ఆవిడ నన్ను కొట్టలేదు. నా మొహం కేసి, నేను అద్దెకున్న అమ్మాయిని కాదు, ఎవరో దొంగని అన్నట్టు చూసింది.

‘‘నీ సామాను సర్దుకో.’’

అంబులెన్స్ వాళ్లు వచ్చారు. లోపలికి వినపడేలా పేరు పెట్టి పిలిచారు, చాలాసేపు, ఓపిగ్గా. తర్వాత గడియ కోశారు. తలుపు తెరుచుకోగానే నానిన బట్టల వాసన గుప్పుమంది. నేను ఊహించుకున్నవేవీ లోపల లేవు. ఒక పరుపు, ఒక లాప్‌టాప్, గోడకి ఆనించి వరుసగా కడిగి పెట్టిన కంచాలు. సీలింగ్ నుంచి పెయింట్ పొరలు పొరలుగా వేలాడుతోంది. పరుపు స్పాంజిలా నానిపోయింది. దాని మీద స్వెటర్‌లో ఒక మనిషి, మోకాళ్లు పొట్టకి ముడుచుకుని. గడ్డం ఛాతీ దాకా ఉంది. పెదాలు నీలం. కళ్లు తెరిచే ఉన్నాయి.

పోయాడనుకున్నాను.

వాళ్లలో ఒకామె వంగి ముక్కుకి మాస్క్ పెట్టింది. ఆ మాస్క్ మీద పొగలా ఊపిరి కనబడింది. ఆంటీ నేల మీద కూర్చుండిపోయి అతని పాదాలు పట్టుకుంది. కారిడార్‌లో స్ట్రెచర్ మీద తీసుకెళ్తుంటే, కదల్లేని ఆ మనిషి రెండు చేతులూ పైకెత్తి చెవులు మూసుకున్నాడు. లిఫ్ట్ గంట మోగింది. పక్కింటి తలుపులన్నీ తెరిచి ఉన్నాయి. 

ఆంటీ అంబులెన్స్ ఎక్కింది. నన్ను రమ్మనలేదు.

ఇల్లు తుడుస్తున్నాను. ఎంత తుడిచినా నీళ్లు వస్తూనే ఉన్నాయి.

జనవరి 13, సోమవారం

రెండు ఊపిరితిత్తుల్లోనూ న్యుమోనియా. ఐసీయూ. ఈ సంగతి నాకు చెప్పింది ఆంటీ కాదు. రామదాసు అంకుల్ జొహోర్ నుంచి వచ్చి, బట్టల కోసం ఇంటికొచ్చి చెప్పాడు. ఫోటోలో మనిషే, సగం చిక్కిపోయాడు. ఆయన్ని హాల్లో చూడగానే నాకు అరుపొచ్చింది, ఆపుకున్నాను. కీర్తికతో లంచ్‌లో మాట్లాడిన మాటలకి ఆయన ముందు తలెత్తలేకపోయాను.

నువ్వేనా ఫోన్ చేసిందని అడిగాడు. అవునన్నాను. నేను చెయ్యాల్సింది అన్నాడు. కొడుకు గది గుమ్మం దాకా వెళ్లి, లోపలికి అడుగు పెట్టకుండా తిరిగొచ్చాడు.

జనవరి 15, బుధవారం

జ్వరం తగ్గలేదట. వెంటిలేటర్ పెట్టారట.

అతను ఆ గదిలో బతికే ఉన్నాడు కదా ఇన్నాళ్లూ. బయటికి తెచ్చింది నేను. పోతే నా వల్లే పోయినట్టు ఆంటీ అనుకుంటుంది. నేనేమనుకుంటాను? ముందు రోజు సాయంత్రం, పొద్దున చూద్దామంటే ఒప్పుకున్నదీ నేనే. ఎటు తిప్పి చూసినా భయమే.

సూట్‌కేస్ సర్దాను. మళ్లీ విప్పాను. రూమ్‌లు వెతుకుతున్నాను. ఆఫీసులో నాలుగు లైన్ల మెయిల్ రాయలేక కూర్చున్నాను. అమ్మ ఫోన్ చేస్తే వానలు తగ్గాయని చెప్పాను.

జనవరి 16, గురువారం

ఫోన్ మోగినప్పుడల్లా చెయ్యి రాదు.

జనవరి 20, సోమవారం

ఆంటీ వాయిస్ మెసేజ్. ప్లే చెయ్యడానికి ధైర్యం చాలక లంచ్ అయ్యేదాకా ఆగాను. మెట్ల మీద కూర్చుని విన్నాను.

ట్యూబ్ తీశారట. కళ్లు తెరిచాడట. నీళ్లు అడిగాడట. ‘‘నన్నే అడిగినాడు,’’ అంది. తర్వాత చాలాసేపు వార్డ్‌లో మెషీన్ల చప్పుడు. ఆపడం మర్చిపోయినట్టుంది. ఆఖరిదాకా విన్నాను.

జనవరి 26, ఆదివారం

ఆంటీ ఇంటికొచ్చి స్నానం చేసి రసం పెట్టింది. నాకూ కంచం పెట్టింది. నా సూట్‌కేస్ హాల్లోనే ఉంది. దాన్ని చూసింది.

వివేక్ వార్డ్‌లో చెవులకి దూది పెట్టుకుని పడుకుంటున్నాడట. ఒక లేడీ డాక్టర్ రోజూ వచ్చి పక్కన కూర్చుంటోందట. మాట్లాడించదు, ఊరికే కూర్చుంటుందట. నిన్న ఆవిడ రావడం ఆలస్యమైతే, ఎందుకు రాలేదని అడిగాడట. ఇంటికి ఎప్పుడొస్తాడో, వస్తే ఎలా ఉంటాడో ఎవరూ చెప్పడం లేదు. మళ్లీ తలుపేసుకుంటే అని నేను అడగలేదు. ఆవిడా అనలేదు. ఇద్దరం అదే అనుకుంటున్నాం.

తింటూ తింటూ చెయ్యి ఆపింది.

‘‘నానైతే ఫోన్ సేసేదాన్ని కాదు పాపా. ఇంకో గంట, ఇంకో గంట అనుకుంటా అలాగే కూకునుందును. కొడుకు కంటే ఇప్పుడు నన్ను సూస్తేనే నాకు బయ్యమేస్తంది.’’

 ఆవిడ కంచంలో ఇంకొంచెం రసం పోశాను. తర్వాత లేచి సూట్‌కేస్ నా గదిలో పెట్టుకున్నాను.

ఫిబ్రవరి 9, ఆదివారం

నిన్న వివేక్ ఇంటికొచ్చాడు. ఆ గదికి ఇంకా తలుపు పెట్టలేదు. ఏసీ రిపేర్ అయింది.

ఎండ విపరీతంగా ఉంది. అంకుల్‌తో కలిపి నలుగురం హాల్లో చెమటలు కక్కుతూ కూర్చున్నాం. ఏసీ రిమోట్ టేబుల్ మీదే ఉంది. ఎవరూ ముట్టుకోలేదు.